షెడ్డు దాటని బండి

కార్వాన్‌లో మా ఇంటి పక్కన, గేటుకి ఎదురుగా ఒక రేకుల షెడ్డు ఉంది. మా తాత కాలంలో అందులో బియ్యం బస్తాలు పెట్టేవారట. నా హయాం వచ్చేసరికి అందులోకి ఒక మిలిటరీ అంబులెన్సు చేరింది. బేగంబజార్‌లో మాది స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణం. గిన్నెలూ బిందెలూ అమ్ముకునే శ్రవణ్‌కుమార్‌కి యుద్ధకాలం నాటి బండి ఎందుకని చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. మా ఆవిడ కీర్తిప్రియ అంతటితో ఊరుకునే రకం కాదు. నేను నూనె చేతులతో షెడ్డు నుంచి వచ్చిన ప్రతిసారీ, "నా సవతికి తానం చేపిచ్చినవా?" అని అడిగేది.

బండి రెండో ప్రపంచ యుద్ధం నాటిది. సికింద్రాబాద్ అవతల ఒక తుక్కు గోదాములో, తుమ్మచెట్ల మధ్య సగం మట్టిలో కూరుకుపోయి కనిపించింది. చూసీ చూడగానే మనసు పారేసుకున్నాను. వెనక భాగంలో ఇటు రెండు, అటు రెండు, కాన్వాసు గుడ్డతో చేసిన మడత మంచాలు. డ్రైవరుకీ రోగులకీ మధ్య పక్కకి జరిపే చిన్న కిటికీ. ఇంజను మొత్తం విప్పి మళ్ళీ బిగించాను. తుప్పు గీకించాను. కొత్త వైర్లు లాగించాను. వాసన ఒక్కటే వదలలేదు. దెబ్బలకి పూసే టింక్చర్ వాసన. ఫినాయిలుతో కడిగి రోజంతా తలుపులు బార్లా తెరిచి ఉంచినా, మూసిన కాసేపటికే మళ్ళీ వచ్చి కూర్చునేది.

ఈ పనిలో నాకు తోడు ప్రేమ్‌రాజ్. మా సందు చివర పల్లంలో ఉంటాడు. ధూల్‌పేటలో వినాయక విగ్రహాలకి రంగులు వేస్తాడు. పొద్దంతా దేవుడికి రంగులు వేసి, సాయంత్రం నా బండి దగ్గరికి వచ్చేవాడు. రమ్మని నేను అడిగింది లేదు. ఆ బండి అంటే నాకెంత పిచ్చో అతనికీ అంతే. సందు ఎక్కి వచ్చేటప్పుడు మధ్యలో ఆగి ఛాతీ రుద్దుకునేవాడు. ఏమైందంటే, "ఏంలే సేటూ, రంగుల దుమ్ము" అనేవాడు.

బండికి రెండు పక్కలా తెల్లటి గుండ్రంలో ఎర్రటి ప్లస్సు గుర్తు వేసింది అతనే. కుంచెతో, ఊపిరి బిగపట్టి వేశాడు. దిగి వెనక్కి వచ్చి చూసుకుని, "వినాయకుని కండ్లు దిద్దేటప్పుడు గూడ నా చెయ్యి గింత వణకలే" అన్నాడు. మర్నాడు ఇద్దరం బండిని బయటికి తీశాం. గేరు మార్చింది ప్రేమ్‌రాజే. వెన్నలా పడింది. సందు పిల్లలంతా వెనక పరిగెత్తారు. ఆదివారం పాత బండ్ల ప్రదర్శన ఉందనగా, శనివారం పొద్దున వచ్చి ఆఖరి కోటు రంగు కొట్టి వెళ్ళాడు. "రేపటి దాక తడి తగలనియ్యకు సేటూ, పొక్కులొస్తయి" అని చెప్పి మరీ వెళ్ళాడు.

మధ్యాహ్నం వాన మొదలైంది. చవితి దగ్గర పడింది కదా, ఇది మామూలే అనుకున్నాను. కీర్తి ఛత్రినాకలో పుట్టింట్లో ఉంది, వాన తగ్గాక వస్తానంది. వాన తగ్గలేదు. పొద్దుగూకే వేళకి మా గడప దగ్గర మోకాలి లోతు నీళ్ళు. పల్లంలో నడుం దాకా వచ్చాయని అరుపులు వినిపించాయి. కరెంటు పోయింది. ఎవరిదో స్కూటరు నీళ్ళలో పక్కకి పడి కొట్టుకుపోతోంది. బస్తాల కోసం ఎత్తుగా కట్టిన షెడ్డు కాబట్టి అందులోకి నీళ్ళు రాలేదు. నేను అక్కడే కుర్చీ వేసుకుని, రేకు కారి రంగు మీద చుక్క పడుతుందేమోనని ఫోన్ లైటుతో కాపలా కాస్తున్నాను.

గేటు చప్పుడైంది. ప్రేమ్‌రాజ్ భార్య సోనీ. నిలువునా తడిసిపోయి ఉంది.

"అన్నా... ఆయనకు ఛాతీల నొప్పి లేసింది. చెమటలు గక్కుతున్నడు. ఆటోలు లేవు, గీ నీళ్ళల్లకు ఏ బండి వస్తలేదు. మీది ఎత్తుంటది గదన్నా, మిలిటరీది. ఉస్మానియా దవాఖాన దాక..."

నా చూపు బండి మీదికి పోయింది. ఫోన్ వెలుగులో ఆ ఆకుపచ్చ రంగు ఇంకా తడి తడిగా మెరుస్తోంది.

"గేర్‌బాక్సు దించినం చెల్లె," అన్నాను. "కదలదు."

ఆమె ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "అట్లనా అన్నా... ఇంకెవరినన్న అడుగుత" అని కొంగు పిండుకుంటూ చీకట్లోకి వెళ్ళిపోయింది. తాళంచెవి నా జేబులోనే ఉంది.

అది గ్యాస్ నొప్పి అయి ఉంటుందని చెప్పుకున్నాను. నలుగురు కుర్రాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోతారని చెప్పుకున్నాను. మనసుకి నచ్చజెప్పడంలో నన్ను మించిన వ్యాపారి లేడు. అంతలో ఒక ఆలోచన వచ్చింది. సోనీకి బండి సంగతి తెలియదు. ప్రేమ్‌రాజ్‌కి తెలుసు. మొన్న గేరు మార్చింది అతనే. సోనీ పోయి నా మాట చెప్పగానే, నేను అబద్ధం ఆడానని ఆ మనిషికి నొప్పిలో కూడా అర్థమైపోతుంది.

సిగ్గుతో చచ్చిపోయాను. లేచాను. తాళంచెవి తీశాను. రంగు వైపు చూశాను... మళ్ళీ కూర్చున్నాను.

అప్పుడు వినిపించింది ఇంజను చప్పుడు.

సందు కింది వైపు నుంచి. నీళ్ళని చీల్చుకుంటూ మెల్లగా వస్తోంది. ఉండి ఉండి చిన్నగా తడబడి మళ్ళీ సర్దుకునే ఆ చప్పుడు నాకు తెలుసు. ఎన్ని ప్రయత్నాలు చేసినా ఆ తడబాటు పోగొట్టలేకపోయాను. అది నా బండి చప్పుడు.

నా బండి నా ఎదురుగా ఉంది.

లేచి బానెట్ మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. బయట చప్పుడు పల్లం దగ్గర ఆగింది. ఇంజను ఆపలేదు. మనుషుల గొంతులు... "పట్టు, తల దిక్కు పట్టు... మెల్లగ..."

షెడ్డులో కిర్రుమంది.

బండి వెనక భాగం కిందికి దిగింది. వెనక చక్రాల మీది కమాను పట్టీలు బరువుకి మూలిగాయి. ఎవరినో లోపల పడుకోబెట్టినట్టు ఒకసారి ఊగి నిలబడింది. వెనక తలుపులకి గడియ వేసే ఉంది. నేనే వేశాను. టింక్చర్ వాసన గుప్పుమంది. దానితో పాటు తడి బట్టల వాసన, చెమట వాసన.

నా చెయ్యి ఇంకా బానెట్ మీదే ఉంది. రేకు వెచ్చబడుతోంది. ఇంకా వెచ్చగా... కాలుతోంది. చెయ్యి లాక్కున్నాను.

బయట చప్పుడు కదిలింది. మా గేటు ముందు నుంచే పోయింది. గేటు సందుల్లోంచి హెడ్‌లైటు వెలుగు వచ్చి గోడ మీద పాకింది. బయటికి చూడలేదు. చూసే ధైర్యం లేదు. డ్రైవరు సీటు వెనక ఉన్న చిన్న కిటికీ... నేను చూస్తుండగానే... ఒక వేలెడు పక్కకి జరిగింది.

"మెల్లగ పోనియ్యి సేటూ..."

ప్రేమ్‌రాజ్ గొంతు. గుసగుసగా.

"నొప్పిగుంది."

కుర్చీ తన్నుకుని పడ్డాను. లేచి ఇంట్లోకి పరిగెత్తి, గొళ్ళెం పెట్టి, మంచం మీద ముసుగుతన్ని పడుకున్నాను. తెల్లారేదాకా ముసుగు తియ్యలేదు. ఆ రాత్రంతా నన్ను వణికించింది దెయ్యం కాదు. ఆ గొంతులో కోపం లేకపోవడం.

పొద్దున నీళ్ళు దిగాయి. గేటు ముందు జనం. నా గుట్టు బయటపడింది, కొడతారు అనుకుంటూ తలుపు తీశాను.

"శభాష్ అన్నా!" అంటూ రాహుల్ అనే కుర్రాడు నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ఏం తీసినవ్ అన్నా బండి! పడవ లెక్క పోయింది. వీడియో మస్తు తిరుగుతుంది గ్రూపులల్ల."

ఫోన్ చూపించాడు. నడుం లోతు నీళ్ళలో నా బండి. పక్కన ప్రేమ్‌రాజ్ వేసిన ఎర్రటి ప్లస్సు గుర్తు. నలుగురు ప్రేమ్‌రాజ్‌ని మోసుకొచ్చి వెనక ఎక్కిస్తున్నారు. డ్రైవరు సీట్లో నేను. నా చొక్కాయే. నా ముఖమే. కాకపోతే ఆ ముఖంలో భయం గానీ బేరం గానీ లేవు. నేను ఎలాంటి మనిషినై ఉండాల్సిందో, ఆ మనిషి అక్కడ స్టీరింగు పట్టుకుని ఉన్నాడు. నేనేమో షెడ్డులో కుర్చీ మీద ఉన్నాను.

జనాన్ని తప్పించుకుని సోనీ ముందుకొచ్చింది. నా కాళ్ళకి దండం పెట్టబోతే వెనక్కి జరిగాను.

"గేర్‌బాక్సు దించిన్రట, బండి రాదు అని చెప్పిన అన్నా ఆయనకు. ఆయన నవ్విండు. 'సేటు వస్తడు తియ్యి, నువ్వు చెప్పులేసుకో' అన్నడు. అంతల్నే బండి సప్పుడు ఇనొచ్చింది." కళ్ళు తుడుచుకుంది. "పేషెంట్లకే జాగ, నువ్వు ఎక్కొద్దు అన్నవని నేను ఆగిపోయిన. నువ్వు ఫికర్ చెయ్యకు చెల్లె అన్నవు గద, ఆ మాట మీదనే రాత్రంత ఉన్న. ఏ దవాఖానల ఏసినవ్ అన్నా?"

అందరూ నా వైపే చూస్తున్నారు. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. నోరు తెరిచాను.

"ఉస్మానియాల," అన్నాను.

అక్కడ లేడు. అటువంటి మనిషెవరూ రాలేదన్నారు. ఊళ్ళో ఉన్న దవాఖానాలన్నీ తిరిగాం. నేనే దగ్గరుండి తిప్పాను, దొంగే వెతికినట్టు. పోలీసులు అడిగితే, గేటు దగ్గర దించి నీళ్ళు పెరుగుతున్నాయని వెనక్కి వచ్చానన్నాను. వీడియో ఉంది, సాక్షులున్నారు, నన్ను ఎవరూ అనుమానించలేదు. వాళ్ళు బండిని కూడా చూసి వెళ్ళారు. ఎక్కడా ఒక్క మట్టి మరక లేదు, రంగు మీద ఒక్క పొక్కు లేదు. కడిగి ఉంటానని అనుకున్నారు. నేను వెనక తలుపులు తెరిచి చూశాను. నాలుగు మంచాల్లో ఒకదాని గుడ్డ మనిషి పడుకుని లేచినట్టు కుంగి ఉంది. తాకలేదు.

ఆ రోజు కీర్తి ఛత్రినాక నుంచి ఫోన్ చేసింది. "ఇన్ని దినాలు నీ బండిని తిట్టిన. తప్పయింది. నాకు మస్తు గర్వంగుంది నీ మీద," అంటూ ఏడ్చింది. ఆ మాటలు చెంపదెబ్బల్లా తగిలాయి. అయినా నిజం చెప్పలేదు. ఒక అబద్ధానికి కాపలా కాస్తూ ఎంతకాలమైనా బతకొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

నిమజ్జనం అయిపోయింది. ప్రేమ్‌రాజ్ జాడ లేదు. సోనీ రోజూ వచ్చి షెడ్డు గడప మీద కాసేపు కూర్చుని వెళ్ళేది. ఏమీ అడిగేది కాదు. నిన్న మాత్రం పట్టపగలు, ఎండలో పరిగెత్తుకుంటూ వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"అన్నా, ఆయన కనపడ్డడు! చూడు!"

ఖమ్మం అవతల ఏదో పల్లె. వరద. ఎవరో డాబా మీంచి తీసిన వీడియో. బురద నీళ్ళలో అదే బండి. జనం ఒక ముసలాయన్ని మోసుకొస్తున్నారు. వెనక తలుపుల దగ్గర వంగి చెయ్యి అందిస్తున్నది ప్రేమ్‌రాజ్. సన్నబడ్డాడు. కానీ అతనే. డ్రైవరు సీట్లోంచి నేను తల బయటపెట్టి వెనక్కి చూస్తున్నాను. నేను ఖమ్మం దిక్కు ఎన్నడూ పోలేదు. మా బండి, ఇదిగో, సోనీ వెనకే షెడ్డులో ఉంది.

"సేవ చేస్తున్నడు సూడన్నా. మంచిగనే ఉన్నడు. నాకు చెప్పొద్దన్నడా నీకు?" సోనీ చిన్నపిల్లలా నవ్వుతోంది.

నా ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఆడగొంతు.

"అన్నా, మా నాయనను బండ్ల ఎక్కించుకుపోయిన్రు గద. ఏ దవాఖానల ఏసిన్రు?"

"ఈ నంబర్ ఎవరిచ్చిన్రమ్మా?"

"మీరే ఇచ్చిన్రు గదన్నా. ఆ దినం ఎంత మంచిగ మాట్లాడిన్రు... ఇయ్యాల గొంతు ఏరేగుంది."

సోనీ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "భయపడకు చెల్లె. మా ఆయన ఆడనే ఉన్నడు, మీ నాయనను మంచిగ చూసుకుంటడు," అని ఓదార్చింది. తర్వాత అవతలి మాటలు వింటూ ఉండిపోయింది. వింటున్నకొద్దీ ఆమె ముఖంలో నవ్వు తగ్గుతూ వచ్చింది. ఫోన్‌కి అరచెయ్యి అడ్డం పెట్టి, నా దగ్గరికి జరిగి, గుసగుసగా అంది.

"వాళ్ళ నాయన ఇప్పుడే వాళ్ళింట్ల ఇంకో ఫోన్‌కు చేసిండటన్నా, లైన్ల ఉన్నడట. మా ఆయన కూడ పక్కనే ఉన్నడట. అందరు మంచిగనే ఉన్నరట. కని... బండి ఇంక పోతనే ఉందట. బయట అంత చీకటట. ఎంత పిలిచినా డ్రైవరు ఆపుతలేడట. ఎక్కడ ఆపాల్నో నాకు తెల్వది, ఓనర్‌ను అడుగున్రి అంటున్నడట."

ఫోన్ మీది చెయ్యి తీసి, నా నోటి దగ్గర పెట్టింది.

"చెప్పన్నా. వాళ్ళు నీ మాట కోసం ఆగిన్రు."