రెండో రుమాలు

ఇది ఇంతవరకు ఎవరి దగ్గరా పైకి అనలేదు. అక్క రాకపోతే బాగుండు అనుకున్నాను. ఇక రాదులే అనిపించాక హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

సముద్రం ఒడ్డున ఉన్న ఒక వినోదాల పార్కులో చలి మొదలయ్యే రోజుల్లో తిండి, వైన్ల పండుగ పెడతారు. ప్రతి ఏడూ ఇద్దరం కలిసే వెళ్ళేవాళ్ళం. సవాకో అక్క పక్కనుంటే ప్రతి పళ్ళెమూ సగం సగమే. నేనేం తాగాలో కూడా తనే చెబుతుంది. "ఒసే మిచీ, ఆ ఎర్రది నీకు పడదే. రేపు తల పట్టుకుని కూర్చుంటావు," అంటుంది. మర్నాడు నిజంగానే తలనొప్పి వస్తుంది. నాకు ఒళ్ళు మండేది అందుకే.

నాన్న పోయాక మేమిద్దరమే మిగిలాం. అమ్మ అంతకుముందే పోయింది. నేను కోబేలో, అక్క దూరాన ఒనోమిచి ఊళ్ళో కొండవాలు మీద ఒక పాత అద్దె ఇంట్లో, ఒక్కతే. రోజూ ఫోన్ చేసేది. ఎండాకాలంలో ఒకసారి విసుగొచ్చి, రోజూ చెయ్యకు అన్నాను. సరేలే అంది. మళ్ళీ చేయలేదు. ఈసారి పండుగకి ఒక్కదాన్నే పోతున్నానని మెసేజి పెడితే, తను చదివినట్టు ఫోన్‌లో గుర్తు కూడా రాలేదు. అలిగిందిలే అనుకున్నాను.

మధ్యాహ్నమంతా ఎంత బాగుందో. పార్కులో అమ్మే కుందేలు చెవుల పట్టీ ఒకటి కొని తలకి పెట్టుకున్నాను. వెన్నలో కాల్చిన ఆల్చిప్పల మాంసం మొత్తం నేనే తిన్నాను. ఎర్ర వైన్ తాగాను. కావాలనే. నెత్తిమీద రోలర్ కోస్టర్ వెళ్ళినప్పుడల్లా జనం కేకలు వచ్చి పోతున్నాయి. కాల్చిన చెస్ట్‌నట్ కాయలమ్మే ఆవిడ, ఒక్కదానివే వచ్చావా అని అడిగింది. అవునన్నాను. "మంచి పని చేశావమ్మా. మా ఆయన్ని తెస్తే, నాకొద్దంటూనే నాదంతా తినేస్తాడు," అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

నీళ్ళ పక్కన నిలబడి తినే బల్లలున్నాయి. ఒకదాని మీద నా రుమాలు పరిచి, దానిమీద నా తినే పుల్లలు పెట్టి, వేడి వైన్ కోసం వరుసలోకి వెళ్ళాను. మా దగ్గర అంతే. రుమాలు పరిస్తే ఆ చోటు మనది, దాన్ని ఎవరూ కదపరు. ఆ రుమాలు నాన్న వేసుకునే నీలం నూలు అంగీలోది. నాన్న పోయాక అక్క ఆ అంగీని కోసి రెండు రుమాళ్ళు కుట్టింది. తూనీగల అచ్చు. ఒకటి తనకి, ఒకటి నాకు.

తిరిగొచ్చేసరికి బల్లకి అటువైపు రెండో రుమాలుంది.

అదే నీలం. అవే తూనీగలు. అంచున అక్క కుట్టు, ఎప్పటిలాగే కొంచెం వంకరగా.

వచ్చేసింది అనుకున్నాను. ఇక అన్నీ సగం సగమే. చుట్టూ చూశాను. ఎక్కడా లేదు. బల్లలు తుడిచే ఆవిడ దగ్గరికొచ్చి మర్యాదగా తల వంచింది. "మీరేనా చెల్లెలు? మీరొస్తారని ఆవిడ చెప్పారు, అందుకే ఇటు ఎవర్నీ రానివ్వలేదు," అంది. కాస్త ఆగి, "ఆవిడకి ఒంట్లో బాగాలేదా అండీ? బాగా పాలిపోయి ఉన్నారు," అంది.

ఏదో అడగబోయాను. అంతలో నీళ్ళ మీద బాణసంచా ప్రదర్శన మొదలవుతుందని ప్రకటించారు. దీపాలన్నీ ఆపేశారు.

చీకటి. జనమంతా నీళ్ళవైపు తిరిగారు. ఎక్కడో డప్పు మోగింది. ఉప్పుగాలి, బాణసంచా పొగ... వాటి అడుగున ఇంకో వాసన. చాలా రోజులుగా తలుపు తీయని గది వాసన. తడిసిన చాప వాసన.

ఎదురుగా ఎవరో నిలబడ్డారు. ముఖం కనబడలేదు. బల్ల మీదుగా తినే పుల్లలు రెండు నా వైపు వచ్చాయి. వాటి కొసన తెల్లగా, చిన్నగా ఏదో ఉంది. పొట్టు తీసిన చెస్ట్‌నట్ అనుకున్నాను.

చిన్నప్పుడు ఇలాగే చేసేవాళ్ళం. అక్క తన పుల్లలతో అందిస్తే నేను నా పుల్లలతో అందుకునేదాన్ని. అమ్మ చేతుల మీద కొట్టేది. పుల్లల నుంచి పుల్లలకి అందుకునేది దహనం అయ్యాక అస్థికలు ఏరేటప్పుడు మాత్రమే, అన్నం దగ్గర కాదు అని. నాన్నప్పుడు నిజంగానే అలా ఏరాం. పాదాల దగ్గర మొదలుపెట్టి పైకి. ఆఖరున గొంతు ఎముక. దాన్ని బాగా దగ్గరివాళ్ళిద్దరు కలిసి తీయాలి. పుల్లల మీదుగా వేళ్ళకి వేడి తగిలింది. అప్పుడు అక్క నా చెవిలో అంది, "నేను పోతే అవతలి కొస ఎవరు పడతారే?" నోరుమూసుకోమన్నాను.

ఇదంతా తర్వాత గుర్తొచ్చింది. ఆ క్షణంలో నవ్వొచ్చిందంతే. అలక తీరిందే అనుకున్నాను.

"అమ్మ చూస్తే కొడుతుంది," అని గుసగుసగా అన్నాను.

నా పుల్లలతో అందుకున్నాను.

అవతలి పుల్లలు వదల్లేదు. ఇద్దరం పట్టుకుని ఉన్నాం. బరువే లేదు. వేళ్ళకి వేడి తగిలింది...

"ఇదే ఆఖరిది."

అక్క గొంతే. దగ్గు ఆపుకుంటున్నట్టు.

"దగ్గరివాళ్ళే పట్టుకోవాలి..."

వదిలేసింది.

దీపాలు వెలిగాయి. ఎదురుగా ఎవరూ లేరు. రుమాలు ఉంది. నా పుల్లల మధ్య ఉన్నది చెస్ట్‌నట్ కాదు.

కింద పడేయలేకపోయాను. అలాంటిదాన్ని పడేయకూడదు. అక్క రుమాల్లో మూటగట్టి, కుందేలు చెవులతోనే రైలెక్కాను. ఎదుటి సీటులో పాప నన్ను చూసి నవ్వింది. దారిపొడవునా ఒకటే లెక్క వేసుకున్నాను. అక్కకి ఏదైనా అయితే ముందు నాకే కబురొస్తుంది. నేను లేకుండా దహనం జరగదు. జరిపించడానికి నేను తప్ప ఎవరున్నారు? కాబట్టి అక్క బాగానే ఉంది. కాబట్టి ఈ మూటలో ఉన్నది ఇంకేదో.

ఇంటికొచ్చి స్నానం చేశాను. టీ పెట్టుకున్నాను. నా మెసేజి తను ఇంకా చదవలేదు. ఇదంతా రాస్తూ కూర్చున్నది నంబరు నొక్కే పని వాయిదా వేయడానికే. టీ తాగకుండానే చల్లారిపోయింది. కిటికీ తెరిచే ఉంది, గది చలికి బిగుసుకుపోయింది. ఇప్పుడే మూట మీద అరచెయ్యి ఆనించి చూశాను.

ఇంకా వెచ్చగానే ఉంది.

చేస్తాను. ఇప్పుడే చేస్తాను. అక్క ఎత్తితే, రోజూ ఫోన్ చెయ్యవే అని చెబుతాను.