బొమ్మ కింద రాయని మాట

బొమ్మ పెట్టి మాట రాయని పెద్దమనుషులారా, ఇది మీకే చెబుతున్నది! ఒక ఇంట్లో మనిషి ఊపిరాడక పోయాడు. కట్టుకున్నదాని మీద నింద పడింది. మీరేమో పేజీ ఎంత ముచ్చటగా వచ్చిందోనని మురిసిపోతున్నారు... సిగ్గుండాలి!

బస్సు డ్రైవరు పోయి ఇంకా వారం తిరగలేదు. ముందుగదిలో అతని అక్క ఫోను కళ్ళకి ఆనేంత దగ్గరగా పట్టుకుని, తమ్ముడి భార్య మీద నిప్పులు కురిపిస్తోంది.

“నువ్వే! నా తమ్ముడి ఊపిరి తీసింది నువ్వేనే మరదలా! విను, ఈ వీడియోలో ఎంత చక్కగా చెబుతోందో! మెడలో గొట్టం మీద తడిగుడ్డ కప్పమంటోంది కదా! నువ్వు పొడిగుడ్డ కప్పావేంటే? లోపల కఫం ఎండి అడ్డంపడిందని డాక్టరు చెప్పలేదూ!”

విను అంట... విను! ఆ ఇల్లాలు వదిన పెదాల వంకే చూస్తోంది. చిన్నతనంలో వచ్చిన జ్వరం ఆమె రెండు చెవుల్నీ ఎత్తుకుపోయింది. అప్పట్నుంచీ ఎదుటివాళ్ళ పెదాలే ఆమెకి చెవులు. ఎంత చక్కగా నెట్టుకొచ్చిందంటే, ఆమెకి వినపడదన్న సంగతే ఇంటిల్లిపాదీ మర్చిపోయారు. అర్థం కానిచోట తలూపేసేది, నవ్వేసేది. మళ్ళీ చెప్పమని అడిగి ఒకరిని విసిగించడం ఆమెకి చేతకాదు. ఆ మంచితనమే కొంపముంచింది!

గొంతు ఆపరేషనయ్యి మెడలో గొట్టం పెట్టాక డ్రైవరుకి మాట పోయింది. పెదాలు కదిపితే గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. కొడుకూ కూతురూ తెల్లమొహాలేసుకుని చూసేవాళ్ళు. భార్యకి మాత్రం ఒక్క ముక్క పొల్లుపోయేది కాదు! “ఇన్నాళ్ళకి నీ దారికొచ్చానోయ్! ఇక మనం ఎంత పోట్లాడుకున్నా పక్కింటివాళ్ళకి వినోదం లేదు” అని అతని పెదాలంటే, మంచం పట్టుకుని పకపకా నవ్విందా పిచ్చితల్లి. అందుకే సేవంతా తన నెత్తినే వేసుకుంది.

“ఎలా చెయ్యాలో మా ఆసుపత్రి పేజీలో వీడియో ఉందమ్మా, చూసుకోండి” అని నర్సు చెప్పి వెళ్ళిపోయింది. ఆమె రెప్ప వాల్చకుండా చూసింది. తెరమీద మనిషి మొహమే లేదు! తొడుగులేసుకున్న రెండు చేతులు, అంతే. చదవడానికి పెదాలేవి? కుట్టుపని చేసుకునే మనిషి, చేతుల్ని చూసి పని పట్టేయడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. ఆ చేతులు ఏం చేస్తే అదే చేసింది. లోపలి గొట్టం తీసింది, కడిగింది, తిప్పి బిగించింది, చివర్న తెల్లగుడ్డ కప్పింది. ఆయన ఒంటికి తగిలేది కదా అని ఆ గుడ్డల్ని ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి మరీ కప్పింది! చెమ్మ ఉంటే పుండుకి చేటని వేళ్ళతో తడిమి తడిమి చూసుకుంది... ఆ ప్రేమే అతని ప్రాణం తీస్తుందని ఆమెకెవరు చెప్పారు?

“ఏమందే అందులో?” అని వదిన చేతిలోని ఫోను చూపిస్తూ ఆ ఇల్లాలు పక్కనున్న కూతురి భుజం కుదిపింది.

కూతురు తల్లికి ఎదురుగా తిరిగింది. “గుడ్డ... తడిపి, పిండి, కప్పమందమ్మా...”

ఆమె ఫోను లాక్కుని చూసింది. మళ్ళీ చూసింది. “తడి ఎక్కడుందే? తెల్లగుడ్డే కదా కనిపిస్తోంది! అయితే... నా చేతుల్తో నేనే మీ నాన్నని...” అంటూ గోడవారగా కూలబడిపోయింది.

కూతురు గిర్రున తిరిగింది. “అన్నయ్యా! ఈ పేజీ తయారుచేసింది మీ ఆఫీసే కదూ? బొమ్మ కింద అక్షరాలేవి?”

కొడుకు నేలమీదున్న తల్లి వంకే చూస్తూ అన్నాడు. “ఆసుపత్రివాళ్ళు మాటలన్నీ రాసే పంపించారే... కింద అక్షరాలు పడితే అందం చెడుతుందన్నారు మా ఆఫీసులో. తర్వాత చూద్దాంలే అని నేనే పక్కన పెట్టేశాను.”

“మనమ్మకి చెవుడని నీకు తెలీదా!”

“అమ్మకి అన్నీ ఇట్టే తెలిసిపోతాయిగా అనుకున్నా చెల్లీ...”

ఆ మాట తల్లికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కొడుకు పెదాల మీదే చదువుకుంది!

డ్రైవరు అక్క చేత్తో గోడ తడుముకుంటూ వచ్చి మరదలి పక్కన కూర్చుంది. “నన్ను చెప్పుతో కొట్టవే తల్లీ! నాకు వినపడిందని ఎగిరెగిరి పడ్డాను. నాకు మాత్రం ఏం ఒరిగింది? కళ్ళు మసకలాయె. ‘ఇలా తీసి అలా తిప్పండి’ అంటుంది ఆ గొంతు. ఎలా తిప్పాలో చెప్పి చావదు! అసలు వీడియో మొదలెట్టే మీటే నాకు దొరకలేదు, నీ కూతురే నొక్కి ఇచ్చింది. తమ్ముణ్ణి నా చేతిలో పెట్టి ఉంటే మొదటిరోజే మట్టిపాలయ్యేవాడు...” ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని గుండెలవిసేలా ఏడ్చారు.

కొడుకు వచ్చి కాళ్ళమీద పడ్డాడు. ఆమె వాడి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

“మీ నాన్న తిరిగి రాడురా. నా చేతులు చేసిన పని నేను పోయేదాకా నన్ను వదలదు. నువ్వు కాళ్ళు పట్టుకుంటే పోయేది కాదది. ఏడవడానికి బతుకంతా ఉంది, ముందు కంప్యూటరు తెరువు! అందులో పలికిన ప్రతి మాటా కింద రాయి. చప్పుడొస్తే ఏం చప్పుడో అది కూడా రాయి. చేతులు ఏం చేస్తున్నాయో మీ అత్తయ్యలాంటివాళ్ళకి నోటితో చెప్పించు. తెర కనపడనివాళ్ళు కూడా వీడియో తామే పెట్టుకుని, తామే ఆపుకునేలా చెయ్యి. ఇవాళ ఇంకెవరింట్లోనో ఇంకెవరో అదే వీడియో చూస్తూ ఉంటారు! అందం చెడుతుందన్న ఆ పెద్దమనుషుల్ని ఇక్కడికి రమ్మను. నా ఎదురుగా నిలబడి, నాకు పెదాలు కనపడేలా ఆ మాట మళ్ళీ అనమను! లే... లేచి కూర్చుని రాయి!”