ఆరబెట్టిన సాక్ష్యం

చచ్చిపోయే ముందు, మందుల పౌచ్‌లకి వాడే ప్లాస్టిక్ ఫిల్మ్ తయారుచేసే ఇంజినీరు సిగరెట్ పెట్టె వెనక రెండే మాటలు రాశాడు: "తడిలో చూడండి." తర్వాత ఎవరో అతణ్ణి లిఫ్ట్ గుంతలోకి తోసేశారు.

"తడిలో ఏం చూడాలి?" అన్నాడు చీఫ్, పెట్టెని ఏజెంట్ పదిహేడు ముందుకి నెడుతూ. గదిలో ఏసీ హోరుమంటోంది.

"పౌచ్‌లు సార్. వరద శిబిరాల్లో పసిపిల్లలకి వెళ్లే జ్వరం మందు. ఆక్సిజన్ తగిలితే ఆ మందు ఉత్త సున్నప్పొడి. పౌచ్‌ల ఫ్యాక్టరీ ఇప్పుడు విదేశీ ముఠా చేతిలో ఉంది."

"ల్యాబ్ రిపోర్టులు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆ ల్యాబ్ నడిపేది మన మనిషే. కోడ్ నేమ్ సిల్క్."

"అదే నా అనుమానం సార్."

"అనుమానాలు ఫైల్లో పెట్టలేను. గురువారం నాలుగింటికి లారీలు కదుల్తాయి. ఈలోగా రుజువు తే."

సోమవారం పొద్దున పదిహేడు ఆ ఫ్యాక్టరీ బాయిలర్ గదిలో బూడిద ఎత్తే కూలీగా చేరాడు. బాయిలర్ చూసే పెద్దాయన్ని అందరూ బాబాయ్ అంటారు. కొత్త కూలీ చెమట మొహం చూసి, తన టవల్ తీసి అతని భుజాన వేశాడు. ఆ వారంలో పదిహేడుకి దొరికిన సుఖం అదొక్కటే.

బూడిద తట్టతో ల్యాబ్ కిటికీ పక్కనుంచి వెళ్తూ అసలు సంగతి కనిపెట్టాడు. సిల్క్ నల్లకళ్లద్దాలు జుట్టులోకి తోసుకుని, ఫిల్మ్ ముక్కల్ని గాజుపెట్టెలో, తేమ పీల్చే గుళికల మధ్య పేర్చింది. రెండు రోజులు ఆరబెట్టాకే వాటిని టెస్ట్ మెషీన్‌కి ఎక్కిస్తుంది.

ఆ ఫిల్మ్‌లో మూడు పొరలుంటాయి. గాలిని ఆపేది నడిమి పొర. పొడిగా ఉన్నంతసేపు అది ఇనప తలుపు. నీటిని పీల్చుకుందా, ఉబ్బి వదులైపోతుంది. వేడి తోడైతే ఇక జల్లెడే. దానికి గొడుగు పట్టాల్సిన పై పొరనీ, కింది పొరనీ ముఠా సాలెగూడంత పల్చన చేసేసింది. రిపోర్టులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. పదిహేడు పళ్లు నూరుకున్నది అందుకే.

"ఎండబెట్టి టెస్ట్ చేస్తున్నారు సార్," అన్నాడు ఫోన్లో.

"రూల్ అదేగా?"

"రూలే సార్. కానీ శిబిరాల్లో వాన కురుస్తోంది."

"రూల్‌లో వాన లేదుగా, పదిహేడూ!"

డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పరికరాలల్లా చొక్కా బొత్తాల్లాంటి రెండు బిళ్లలు. ఆక్సిజన్ లేకపోతే గులాబీ రంగు, తగిలితే నీలం. లోపలిది కనిపించే ఫ్యాక్టరీ పౌచ్‌లు రెండు తీసుకుని, ఒక్కోదాంట్లో ఒక బొత్తాం, ఆక్సిజన్ పీల్చే చిన్న పొట్లం వేసి సీల్ చేశాడు. ఒకటి చీఫ్‌కి పంపాడు. రెండోది బాబాయ్ టవల్ తడిపి అందులో చుట్టి, ఆవిరి గొట్టం పక్కన పెట్టాడు.

మంగళవారం గులాబీ. బుధవారం గులాబీ. టవల్ ఆరిపోతుంటే గంటకోసారి తడపాలి. చెయ్యి కాలిందే తప్ప రంగు మారలేదు.

"గుడ్డు పొదుగుతున్నావా అబ్బాయ్?" అన్నాడు బాబాయ్.

"పొదిగినా పిల్ల బయటికి రావట్లేదు బాబాయ్."

బాబాయ్ నవ్వబోయి ఆగిపోయాడు. "మా మనవరాలు వరద శిబిరంలో ఉంది. ఒళ్లు కాలిపోతోందట. మందొస్తోంది, భయపడకు అని మా కోడలికి చెప్పాను."

పదిహేడు లేచి టవల్ మళ్లీ తడిపాడు.

గురువారం మూడున్నరకి టవల్ విప్పి చూశాడు. నీలం!

లోడింగ్ గేటు దగ్గర లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. చీఫ్, సిల్క్ పక్కపక్కనే ఉన్నారు. పదిహేడు పరిగెత్తుకొచ్చి పౌచ్ చూపించాడు. చీఫ్ జేబులోంచి తన పౌచ్ తీశాడు.

"నాది గులాబీగానే ఉందే!"

"మీ గదిలో ఏసీ ఉంది సార్!"

సిల్క్ కిలకిలా నవ్వింది. "గుండుసూదితో పొడిచుంటాడు. మసి మొహం చూడండి, పాపం."

చీఫ్ వాచీ చూసుకున్నాడు. మొదటి లారీ ఇంజన్ గుర్రుమంది. టవల్ కోసం వెనకాలే వచ్చిన బాబాయ్ చేతిలో, దాన్ని తడిపే నీళ్ల బకెట్ ఉంది. పదిహేడు పౌచ్‌ని అందులో ముంచి, రెండు చేతులా నొక్కాడు. ఒక్క బుడగ వస్తే కథ ముగిసినట్టే.

బుడగ రాలేదు.

"చిల్లు లేదు సార్. గాలి పౌచ్ గోడలోంచే దూరింది."

చీఫ్ చెయ్యెత్తి లారీ ఆపాడు. అదే క్షణంలో సిల్క్ లిప్‌స్టిక్ మూత తిప్పింది. అది లిప్‌స్టిక్ కాదు, పిస్టల్.

బాబాయ్ బకెట్ ఎత్తి ఆమె మొహాన కుమ్మరించాడు. పిస్టల్ ఎగిరి గేటు పక్క కాలవలో పడింది.

"తడిలో చూడమన్నాడు కదా సార్," అన్నాడు పదిహేడు, ముద్దగా తడిసి నిలబడ్డ సిల్క్‌ని చూపిస్తూ.

మందు ప్యాక్ చేసి ఒక్కరోజే అయింది, ఇంకా చెడలేదు. పాత గోడౌన్‌లో దొరికిన అల్యూమినియం రేకు పౌచ్‌లలోకి మార్చి, చీకటిపడేలోపు లారీలు కదిలించారు. మర్నాడు సాయంత్రం కోడలు బాబాయ్‌కి ఫోన్ చేసింది. పాపకి చెమట పట్టిందట. జ్వరం దిగుతోంది.

పదిహేడు చీఫ్ గదికి వెళ్లాడు. "బాబాయ్ టవల్ ఇప్పించండి సార్. ఆయనకున్నది అదొక్కటే."

"అది సాక్ష్యం, పదిహేడూ. అంత తేలిగ్గా ఇవ్వరు. తడిగుడ్డ అన్నావుగా, అది నిజమో కాదో ల్యాబ్ తేల్చాలి."

"ఎప్పుడు తేలుస్తారు సార్?"

"రెండు రోజులు ఆగు. ముందు ఆరబెట్టాలిగా!"