నాలుగింటి ప్యాకెట్

దీవిలోని సిప్పీఘాట్ మలుపులో తిరుమలరావు మోటార్ సైకిల్‌ను ఒక జీపు గుద్ది, ఆగకుండా వెళ్ళిపోయింది. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు. నిఘా ఏజెంట్ సుష్మ ఒప్పుకోలేదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఢిల్లీ నుంచి ఏజెన్సీ చీఫ్ రాజ్‌కిరణ్ ఆమెకు ఫోన్ చేశాడు. గస్తీ బోట్ల దారుల పట్టిక నాలుగు గంటలకు డైరీ ఫార్మ్ పేటలోని కంట్రోల్ రూమ్ నుంచి కమాండ్ షిప్‌కు చేరాలి. పంపే ప్రోగ్రామ్‌ను సీ భాషలో రాసింది తిరుమలరావే. తన కోడ్‌లో ఎవరో వేలు పెట్టారని పొద్దున్నే చీఫ్‌కు చెప్పాడు. గంట తిరక్కుండానే పోయాడు. పట్టిక విదేశీ ముఠాకు దొరికితే, ఆయుధాల ఓడ గస్తీ లేని చోటు చూసుకుని రంగత్ తీరంలో దిగుతుంది. పట్టిక వెళ్ళకపోతే బోట్లు కదలవు, అప్పుడు సముద్రమంతా ముఠాదే.

"రేపు టీమ్ వస్తుంది. అంతవరకు నువ్వు కదలకు," అన్నాడు చీఫ్.

"రేపటికి ఓడ రంగత్‌లో ఉంటుంది సర్. ఇది నేను పుట్టిన నేల. వెళ్తున్నాను."

ఆయన జవాబు వినకుండానే ఫోన్ పెట్టేసింది.

సుష్మ తాత శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడ వల వేసినవాడు. చేపల బుట్ట ఎత్తడం ఆమెకు కొత్త కాదు. బుట్ట అడుగున శాటిలైట్ ఫోన్, దాని మీద ఐస్, పైన చేపలు. చేపలమ్మే వేషంలో కంట్రోల్ రూమ్‌కు వెళ్ళింది. అక్కడి గేటు కాపలాదారు నూకన్న ఏజెన్సీ మనిషే.

"కోనెం ఉందా దీదీ?"

"ఖతమ్ భయ్యా. కవ్వలే మిగిలాయి."

గుర్తు మాట కలిసింది. నెట్‌వర్క్ కన్సల్టెంట్ కళ మేడమ్ బయటికి వెళ్ళిందని, నాలుగు లోపే వస్తుందని నూకన్న చెప్పి గేటు తీశాడు. కళ వస్తే ఆఫీసర్లంతా చొక్కాలు సర్దుకుంటారు. ఆమె కూడా ఏజెంటే. సుష్మతో కలిసి ట్రైనింగ్ చేసింది.

ఖాళీగా ఉన్న గదిలో సుష్మ తిరుమలరావు కోడ్ తెరిచింది. ఎన్‌క్రిప్షన్ లైన్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్క లైను దగ్గర వేలు ఆగింది: SSL_VERIFY_NONE. తాళం గట్టిదే. కానీ అవతల తలుపు తీసేది ఎవరని ప్రోగ్రామ్ అడగడం లేదు. మధ్యలో ముఠా సర్వర్ నిలబడి "నేనే కమాండ్ షిప్" అంటే, పట్టిక దాని చేతిలో పెట్టేస్తుంది. ఆ లైను మార్చినవాళ్ళ పేరు లాగ్‌లో ఉంది. కళ.

సుష్మ NONE తీసి, అవతల ఎవరో అడగమనే PEER అని కొట్టింది. కంపైల్ చేసింది. కొత్త ప్రోగ్రామ్ సిద్ధం. అంతలో వరండాలో హీల్స్ చప్పుడు. వెంటనే స్క్రీన్ మీది లైనును మళ్ళీ NONE చేసి పెట్టింది. చూసేవాళ్ళకు పాత కోడే కనిపిస్తుంది. నడిచేది మాత్రం కొత్తదే.

కళ చేతిలో పిస్టల్. గడియారం మూడు యాభై ఏడు.

"చేపల వేషం నీకు నప్పింది సుష్మా. ఎంటర్ నొక్కు."

"నొక్కను. తిరుమలరావు రక్తం మీద నా వేలిముద్ర పడదు. కావాలంటే కాల్చుకో."

కళ వంగి స్క్రీన్ చూసింది. NONE చూసి నవ్వింది. ఎంటర్ తనే నొక్కింది.

ప్రోగ్రామ్ అవతలివారిని గుర్తింపు సర్టిఫికెట్ అడిగింది. ఒక క్షణం. ఎర్రటి అక్షరాలు వచ్చాయి: వెరిఫికేషన్ ఫెయిల్డ్. ఒక్క బైటు కూడా కదల్లేదు.

కళ నమ్మలేక స్క్రీన్ మీదికి ఇంకా వంగింది. సుష్మ బుట్ట ఎత్తి, ఐసూ చేపలూ ఆమె చేతి మీద కుమ్మరించింది. గుండు గోడలో దిగింది, పిస్టల్ కింద పడింది. చప్పుడుకు నూకన్న లోపలికి దూకి కళ చేతులు వెనక్కి విరిచాడు.

సుష్మ కేబుల్ పీకేసి, కిందపడ్డ శాటిలైట్ ఫోన్ తీసి తగిలించింది. మళ్ళీ ఎంటర్. ఈ దారిలో మధ్యవర్తి లేడు. సర్టిఫికెట్ సరిపోయింది. పట్టిక వెళ్ళింది. మూడు యాభై తొమ్మిది, యాభై ఎనిమిది సెకన్లు.

సాయంత్రానికి ఆయుధాల ఓడ చుట్టూ మూడు గస్తీ బోట్లు నిలిచాయి. చీఫ్ ఫోన్ చేసి, ఆజ్ఞ మీరినందుకు సంజాయిషీ అడిగాడు. తిరుమలరావు చావు రికార్డుల్లో యాక్సిడెంట్ అని ఉన్నంతకాలం రాయనని చెప్పింది సుష్మ.

పోలీసు జీపు ఎక్కేముందు కళ ఒక్కటే అడిగింది.

"ముఠా సర్వర్‌కు నేనిచ్చిన సర్టిఫికెట్‌లో తప్పేముంది?"

"దాని మీద నువ్వే సంతకం పెట్టుకున్నావు కళా. ఈ దేశంలో రేషన్ కార్డుకే గెజిటెడ్ ఆఫీసర్ సంతకం అడుగుతారు."