ల్యాండ్‌మార్క్ లేని తొంభై తొమ్మిది ఇళ్లు

"అట్ల కాదు బిడ్డా, పేరు మార్చకు. హనుమాండ్లు అనే రాయి. కథల అసలు పేరు పెడితే ఎవ్వరు నమ్మరు. గదే మంచిది. మొన్న పార్సిల్ తెచ్చిన పిలగాన్ని చూసి తాత లోపటికి ఎందుకు ఉరికిండని అడిగినవ్ గద నవీనా? గదే చెప్తున్న. మాట నాది, రాత నీది. జర బుక్కుల లెక్క రాయి. పెన్ను పట్టినవా? ఆఁ..."

అమీర్‌పేట. ఉదయం పది గంటలు. కోచింగ్ సెంటర్ల మధ్య సందులో ఒక జిరాక్స్ షాపు. మెటీరియల్ కోసం పిల్లలు కౌంటర్ దగ్గర తోసుకుంటున్నారు. వాళ్ల వెనక అరవై ఆరేళ్ల ముసలాయన నిలబడి ఉన్నాడు. పేరు హనుమాండ్లు. భుజాన గుడ్డసంచి.

"జావా నోట్సు కావాలె. పాతది," అన్నాడు.

షాపువాడు తల ఎత్తలేదు. "ఏ సార్‌ది?"

"చచ్చిపోయిన సార్‌ది."

"లోపల చూస్కో పెద్దాయనా."

కాగితాల కట్టల వెనక ఇనుప తలుపు తెరుచుకుంది. లోపల చల్లటి ఏసీ గది, గోడ నిండా స్క్రీన్లు. ఆ డిపార్ట్‌మెంట్‌కి బోర్డు లేదు. చీఫ్ జానకీదేవి కాకినాడ మనిషి. నవ్వడం తక్కువ.

హనుమాండ్లు ముప్పై ఏళ్లు ఆ ఆఫీసులోనే టీ మోశాడు. చదువు అంతంతమాత్రం, అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. కానీ టీ మోసేవాడి ముఖం ఎవరూ చూడరు, టీ మోసేవాడు మాత్రం అందరి ముఖాలూ చూస్తాడు. ఆ సంగతి కనిపెట్టిన జానకీదేవి అతని చేతిలోంచి ట్రే తీసేసి ఏజెంట్‌ని చేసింది.

"కూర్చోండి హనుమాండ్లు గారూ. ఆపరేషన్ తక్కెడ." ఆమె స్క్రీన్ వైపు చూపించింది. "ఇది బజార్‌బండి. ఒక విదేశీ ముఠా నడిపే ఆన్‌లైన్ షాపు. సరుకు లేదు, గోడౌన్ లేదు. ఉన్నదల్లా ఒక వైరస్. వచ్చే మహర్నవమి నాడు సరిగ్గా పన్నెండింటికి నలభై వేల ఫోన్ పదివేలకే అని పెడతారు. నొక్కినవాళ్ల బ్యాంకు ఖాతా ఖాళీ."

"కొత్త దుకాణాన్ని ఎవరు నమ్ముతరు మేడం?"

"ధరదారి చెబితే నమ్ముతారు. అన్ని షాపుల ధరలూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ తక్కువో చూపించే వెబ్‌సైట్. నడిపేది వంశీధర్ అనే కుర్రాడు. రోజూ నలభై లక్షల ఇళ్లలో చూస్తారు. ముఠా ఆ సైట్లోకి దూరాలని చూస్తోంది. ఎవరి ద్వారా? వాళ్ల అడ్డా ఎక్కడ? అది మీ పని."

తర్వాత పరికరాలు ఇచ్చింది. చెవి మిషన్ లాంటి రిసీవర్ ఒకటి, ఇటు మాట అటూ అటు మాట ఇటూ వినపడుతుంది, ముఠా ఫోన్ దగ్గర్లో మోగితే గుయ్యిమంటుంది. సున్నం డబ్బీ ఒకటి.

"దీని అడుగు మూత తీస్తే ప్లగ్గు ఉంటుంది. ఏ కంప్యూటర్‌కి పెడితే దానిలో ఉన్నదంతా బూడిద. ఇంక తిరిగి రాదు. ఆఖరి అస్త్రం. అవసరం పడకూడదనే కోరుకుందాం."

"మరి సున్నం యాడ పెట్టుకోవాలె?"

"పై అరలో," అంది జానకీదేవి.

ధరదారి ఆఫీసు ఒక టిఫిన్ సెంటర్ మీద, మూడో అంతస్తులో ఉంది. వంశీధర్‌ది భీమవరం. తొమ్మిదేళ్ల కిందట కోర్సు నేర్చుకుందామని అమీర్‌పేట వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఒకప్పుడు ఆ గదిలో ఎనిమిది కుర్చీలు సరిపోయేవి కావు. తర్వాత పెద్ద షాపులు కమీషన్ కోసేశాయి. జనం ధర ఇతని దగ్గర చూసుకుని, కొనేటప్పుడు నేరుగా ఆ షాపు యాప్‌లోకే వెళ్లిపోతున్నారు. పనివాళ్లు ఒక్కొక్కరే సర్దుకున్నారు. అద్దె సర్వర్లు మాన్పించి, తొమ్మిదేళ్ల పనినంతా బల్ల కింద ఒక నల్ల పెట్టెలోకి దించుకున్నాడు. రెండో కాపీ పెట్టుకునే స్తోమత లేదు.

హనుమాండ్లుకి దొరికిన ఉద్యోగం ధరలు కనుక్కొచ్చే పని. పొద్దున్నే పంజాగుట్ట షాపులన్నీ తిరిగి వచ్చేవాడు. ఆన్‌లైన్ ధర పక్కనే బజారు ధర కూడా చూపించే సైట్ ఇదొక్కటే.

"తాతగారూ, మిక్సీ ఎంత చెప్పాడు?"

"ముందు నాలుగు వేలన్నడు బాబూ. నేను లేసి మెట్లు దిగుతుంటే ఎనక నుంచి మూడు వేల వంద అని ఒర్రిండు."

"ఏది రాయమంటారు?"

"మెట్లు దిగినంక చెప్పిందే అసలు ధర."

వంశీధర్ పగలబడి నవ్వాడు. ఆ సాయంత్రానికల్లా సైట్లో 'మెట్లు దిగాక' అని కొత్త గడి వచ్చింది. జనానికి అదే బాగా నచ్చింది. మధ్యాహ్నం మెస్ క్యారియర్ విప్పితే పెరుగు మొత్తం తాతగారికే. "మీకు కారం పడదు కదండీ" అనేవాడు. మూడు నెలలు ఆ పెరుగన్నం తిన్నాడు హనుమాండ్లు. ఏజెంట్ తినకూడనిది అదే.

అప్పుడు వచ్చింది మంజూష. సింగపూర్ ఫండ్ ప్రతినిధినంది. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, బంజారా హిల్స్‌లో ఫ్లాటు. ఆమె మెట్లెక్కుతుంటే కింద టిఫిన్ సెంటర్‌లో దోసె మాడిపోయేది. ఆమె ఫోన్ మోగినప్పుడల్లా హనుమాండ్లు చెవి మిషన్ గుయ్యిమనేది. ముఠా సిగ్నల్.

"బజార్‌బండిని మీ సైట్లో చేర్చండి వంశీ. మా ఫండ్ మీ వెనక నిలబడుతుంది. మళ్లీ ఎనిమిది కుర్చీలూ నిండుతాయి."

"మా రూల్ ఒకటుందండీ. ఈ చుట్టుపక్కల వందమందికి సరుకు అందిందని నమ్మకం కుదిరితేనే కొత్త షాపుని చేరుస్తాను."

"వంద పేర్లేగా? ఇస్తాను."

హనుమాండ్లు ఆ రోజే రిపోర్ట్ చేశాడు. "ఆమె సంగతి వదిలెయ్యండి. చూస్తూ ఉండండి," అంది జానకీదేవి. అంతకంటే చెప్పలేదు.

మహర్నవమి వచ్చింది. వంశీధర్ తలస్నానం చేసి, నల్ల పెట్టెకి కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశాడు. మామిడాకు పసుపు నీళ్లలో ముంచి పెట్టె మీద చల్లాడు.

"ఆయుధ పూజ చేయకుండా మిషన్ ముట్టుకోవద్దంది మా అమ్మ. నా ఆయుధం ఇదే కదా తాతగారూ."

బల్ల మీద మంజూష పంపిన లిస్టు ఉంది. వంద ఇళ్లు, వంద ఫోన్ నంబర్లు, వందమంది సంతకాలు. వంశీధర్ ఇరవై నంబర్లకి ఫోన్ చేశాడు. ఇరవైమందీ సరుకు అందిందన్నారు. ముఖం వెలిగిపోయింది. బజార్‌బండిని సైట్లో చేర్చేసి, టైమ్ పన్నెండు గంటలకి పెట్టాడు.

హనుమాండ్లు లిస్టు తీసుకుని మూల కూర్చున్నాడు. చదువుకున్నవాడు పేర్లూ నంబర్లూ చూసి పక్కన పెడతాడు. హనుమాండ్లు అలా చూడలేడు. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ ప్రతి అడ్రస్సూ చదివాడు. ఇరవయ్యో ఇంటి దగ్గర వేలు ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ మొదటి నుంచి చదివాడు.

డోర్ నంబరు, వీధి, పిన్‌కోడ్. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. అమీర్‌పేటలో ఎవడు రాస్తాడు అలా? ఇక్కడ డోర్ నంబర్ పట్టుకుని ఇల్లు కనుక్కున్న మగాడు లేడు. కల్లు కాంపౌండ్ వెనక, గర్ల్స్ హాస్టల్ ఎదురుగా, కుక్క ఉంటుంది భయపడకు, వచ్చినాక ఫోన్ చెయ్యి... అదీ అడ్రస్ అంటే. ఈ ఇళ్లలో ఎవరూ లేరు. ఆ ఫోన్లలో పలికినవాళ్లు కిరాయి గొంతులు.

తొంభై తొమ్మిది అలాంటివే. ఒక్కటి మాత్రం వేరుగా ఉంది. 'పంజాగుట్ట, పూలకొట్టు మీద, రెండో అంతస్తు, ఎడమ చేతి మెట్లు, లిఫ్ట్ పనిచేయదు.' అందులో నిజంగా ఎవరో ఉంటున్నారు. సరుకే లేని షాపు లిస్టులో నిజం ఇల్లంటే అది ముఠా అడ్డానే.

టైమ్ పదకొండూ ఇరవై. మెట్రోలో పంజాగుట్ట ఒక్క స్టేషనే.

పూలకొట్టు ముందు పండగ రద్దీ. ఎడమ చేతి మెట్లెక్కి, సంచిలోంచి డెలివరీ టోపీ తీసి పెట్టుకుని తలుపు కొట్టాడు. తెల్ల చొక్కా విదేశీయుడు తలుపు తీశాడు. నడుముకి పిస్టల్.

"పార్సిల్ సార్. ఓటీపీ."

ఏ దేశం వాడైనా ఓటీపీ అంటే ఫోన్‌లోకి తల వంచుతాడు. వంచాడు. సున్నం డబ్బీ పై అర తెరుచుకుంది. వాడు తల ఎత్తేసరికి కళ్ల నిండా సున్నం. పిస్టల్ లాక్కుని, వాడిని బాత్రూంలోకి నెట్టి గడియ పెట్టాడు.

"మస్తు స్పీడున్నవ్ తాతా," అంది వెనక నుంచి ఓ గొంతు.

మంజూష. చేతిలో ఏమీ లేదు. వెనక బల్ల మీద ఒక కంప్యూటర్ నడుస్తోంది. కళ్లద్దాలు తీసేసింది. "జావా నోట్సు. చచ్చిపోయిన సార్‌ది."

హనుమాండ్లు పిస్టల్ దించాడు. "మనదానివా?"

"బోరబండ పిల్లను. రెండేండ్ల సంది వీళ్లల్ల తిరుగుతున్న. ఫోన్ చేస్తే వింటరు, కాగితం రాస్తే చూస్తరు. లిస్టుల ఒక్క అడ్రస్ మనోళ్ల లెక్క రాసిన. నువ్వు చదువుతవని తెలుసు."

"ఐతే ఆపు బిడ్డా గా మిషన్."

"ఈడ ఆపితే ఏం కాదు. వంశీ చేర్చంగనే వైరస్ ఆయన పెట్టెల కూసున్నది. కరెంట్ తీసినా, మళ్ల పెట్టిన నాడు లేస్తది."

టైమ్ పదకొండూ నలభై. చెవి మిషన్‌లో జానకీదేవి గొంతు వినిపించింది. "విన్నాను హనుమాండ్లు గారూ. సున్నం డబ్బీ వాడండి."

"ఆ పిలగాని తొమ్మిదేండ్లు అండ్ల ఉన్నయి మేడం."

"తెలుసు. నలభై లక్షల ఇళ్లు కూడా ఉన్నాయి."

"చెప్పి చేస్త. అర్థం చేసుకుంటడు."

"చెప్పకూడదు. బాత్రూంలో వాడికి ఎవరో దొంగ వచ్చాడని మంజూష చెబుతుంది. ముఠాలో మిగతావాళ్లు దొరికేదాకా ఇది ప్రమాదం అనుకోవాలి. వాళ్లు ఆ కుర్రాడి ముఖం చూస్తారు. అందులో నిజమైన ఏడుపే కనపడాలి."

మంజూష మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుంది. ఎందుకో హనుమాండ్లు అడగలేదు.

పదకొండూ యాభై తొమ్మిది. మూడంతస్తుల మెట్లెక్కి గుమ్మంలో నిలబడేసరికి అతని ఊపిరి అందడం లేదు. వంశీధర్ గబుక్కున లేచి కుర్చీ వేశాడు.

"ఏంటి తాతగారూ ఆ చెమటలు? కూర్చోండి. మంచి టైమ్‌కి వచ్చారు, ఒక్క నిమిషంలో మన రోజులు మారిపోతున్నాయి."

"జర నీళ్లియ్యి బాబూ."

వంశీధర్ కుండ దగ్గరికి వెళ్లాడు. చల్లనివి కావాలని అడుగు నుంచి ముంచుతున్నాడు. హనుమాండ్లు బల్ల కిందికి వంగాడు. బంతిపూలు పక్కకి జరిపాడు. గోడ గడియారంలో పన్నెండుకి పదిహేను సెకన్లు. సున్నం డబ్బీ అడుగు మూత తీసి ప్లగ్గు పెట్టాడు.

పెట్టె ఒక్కసారి మూలిగింది. తర్వాత నిశ్శబ్దం.

పన్నెండు గంటలకి స్క్రీన్ మీద బజార్‌బండి లేదు. ధరదారి లేదు. 'మెట్లు దిగాక' లేదు. ఏమీ లేదు.

వంశీధర్ గ్లాసుతో వచ్చేసరికి డబ్బీ సంచిలోకి వెళ్లిపోయింది. అతను స్క్రీన్ చూశాడు. ఒక మీట నొక్కాడు, ఇంకోటి నొక్కాడు. కిందికి వంగి పెట్టె మీద చేయి వేశాడు. వేళ్లకి పసుపు తడి అంటుకుంది.

"నీళ్లు లోపలికి పోయాయి తాతగారూ," అన్నాడు. "నేనే చల్లాను."

హనుమాండ్లు ఎన్నో వేషాలు వేశాడు, ఎన్నో అబద్ధాలు ఆడాడు. వాటన్నిటిలోకీ చిన్నది అప్పుడు ఆడాడు.

"అయ్యుండొచ్చు బాబూ."

వంశీధర్ చొక్కా అంచుతో పెట్టెని తుడిచాడు. బొట్టు చెరిగే దాకా తుడిచాడు. తర్వాత గ్లాసు గుర్తొచ్చి ఇటు తిరిగాడు.

"మీరు ముందు నీళ్లు తాగండి."

మర్నాడు పేపర్లో ఏమీ రాలేదు. నలభై లక్షల ఇళ్లలో ఎవరికీ ఏమీ జరగలేదు. సైట్ రావట్లేదేంటని ఒక నిమిషం చూసి ఇంకో సైట్‌కి వెళ్లిపోయారు. వంశీధర్ కుర్చీలు అమ్మేసి గది ఖాళీ చేశాడు. మంజూష ఇంకో దేశంలో ఇంకో పేరుతో దిగింది. డిపార్ట్‌మెంట్ హనుమాండ్లుకి శాలువా కప్పింది. ఆన్‌లైన్‌లో కొన్నారట, ధర మాత్రం ఎవరూ పోల్చి చూడలేదు.

"గంతే బిడ్డా. మొన్న ముఠాల ఆఖరోడు సుత దొరికిండట. ఇగ చెప్పొచ్చు అన్నది మేడం. రెండేండ్లాయె. ఇగ చూడు, యూసుఫ్‌గూడల మన గల్లీకే పార్సిల్ పట్టుకొని వచ్చిండు, గదే వంశీ బాబు. చిక్కిండు.

నువ్వే చెప్పరాదా అంటవ్. నన్ను చూడంగనే, తాతగారూ నీళ్లు తాగుతారా అంటడు బిడ్డా. నాతోని కాదు.

ఏదన్న ఒకటి ఆర్డర్ పెట్టు, చిన్నదే. ల్యాండ్‌మార్క్ మంచిగ రాయి. ఆయన వస్తే గుమ్మంల నిలవెట్టి ఇది చదువు. పసుపు నీళ్ల తప్పు కాదు అని సుత రాయి, గా కాడ జర ఆగి, రెండు సార్లు చదువు. పని ఉందంటడు, పోత అంటడు. మొత్తం అయిపోయేదాంక ఓటీపీ మాత్రం చెప్పకు."