కుడివైపు కుర్చీ

"వంతెన కింద బాంబు ఉంది. పదీ నలభైకి ఎనభై మందితో రైలు దాని మీదికొస్తుంది. డ్రైవర్‌తో కాంటాక్ట్ పోయింది," అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "బాంబుకి సిగ్నల్ మీ స్టేషన్ పాటలో వస్తుంది. ఏ శబ్దమో తెలీదు. ప్రసారం ఆపావో, అప్పుడే పేలుతుంది. గాయని మన మనిషే. సాయం తీసుకో."

ఫోన్ పెట్టేసరికి పదీ ముప్పై నాలుగు.

గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతన్ని ఒంటిచెవి అంటారు. పాత మిషన్‌లో పేలుడు అతని ఎడమ చెవి వినికిడిని పూర్తిగా పట్టుకుపోయింది. అయినా ఆ చెవికి యంత్రం పెట్టుకునే తిరుగుతాడు. మూడు నెలలుగా ఈ రేడియో స్టేషన్‌లో సౌండ్ ఇంజినీరు వేషం. ఇంటికెళితే పలకరించే దిక్కులేదు. ఉన్నదల్లా ఈ గాయని. అడక్కుండానే అతనికి కుడివైపు కుర్చీ వేసుకుని, మంచి చెవిలో కబుర్లు చెప్పేది. ఆ గంట కోసమే అతను రోజూ చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు.

ఆమె పాడి రికార్డు చేసిన పాట ప్రసారంలోకి వెళ్ళింది. ఆ పాటే హెడ్‌ఫోన్‌లో పెట్టుకుని గబగబా చివరిదాకా నడిపాడు. చివరి చరణంలో కీచుమని సన్నటి శబ్దం. స్టీరియో ఎలాగూ అందదు కాబట్టి, ఏ పాటనైనా ఎడమ కుడి కలిపి మోనోలో వినడం అతని అలవాటు. కలిపాడు. కీచు మాయమైంది!

అంటే ఎడమవైపు అదే శబ్దం తలకిందులుగా ఉంది. కలిస్తే రెండూ చెల్లిపోతాయి. బాంబు వినేది ఆ రెంటి తేడానే. కన్సోల్ మీద స్టీరియో విడ్త్, అంటే ఎడమ కుడిల మధ్య ఎడం, సున్నా చేస్తే తేడా ఉండదు, సిగ్నలూ ఉండదు.

అప్పుడు అత్తరు వాసన తగిలింది. తల తిప్పాడు. కుర్చీ ఎడమవైపుంది. అందులో గాయని, చేతిలో పిస్టల్.

"ఎప్పుడూ కుడివైపు కదా కూర్చునేది?" అన్నాడు.

"ఇవాళ నేనొచ్చిన చప్పుడు మీకు వినపడకూడదనుకున్నాను. రెండు వైపులా పనిచేసేదాన్ని, ఏం చెయ్యను? విడ్త్ ముట్టుకోకండి. చేతులు తలమీద పెట్టండి."

పెట్టాడు. ఎడమ చెవి వెనకున్న వినికిడి యంత్రం మీద వేలు నొక్కాడు. నిజానికి అది డిపార్ట్‌మెంట్ ఇచ్చిన రిమోట్, నొక్కితే కన్సోల్ మోనోకి మారుతుంది. కన్సోల్ మీద విడ్త్ సూది సున్నాకి పడిపోయింది. పూర్తిగా పోయిన చెవికి యంత్రమెందుకని ఆమె మూడు నెలల్లో ఒక్కసారీ అడగలేదు. అతనికి పిస్టల్ కన్నా అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

పదీ నలభై. చివరి చరణం వచ్చింది, వెళ్ళింది. ఆమె గడియారం వైపు చూసిన క్షణంలో మణికట్టు మెలిపెట్టి పిస్టల్ లాక్కున్నాడు.

"మీ కబుర్లన్నీ అబద్ధాలేనా?" అన్నాడు.

ఆమె నోట్లోనే జవాబు గొణిగిందేమో. నిలబడింది ఎడమవైపు, అతనికి వినపడలేదు.

గార్డులు ఆమెను తీసుకెళ్ళాక ఫోన్ మోగింది.

"రైలు దాటింది," అన్నాడు చీఫ్. "కానీ పాట మరీ ఇరుగ్గా వినపడిందని శ్రోతలు తిడుతున్నారట."

అతను ఖాళీ కుర్చీని లాగి మళ్ళీ కుడివైపు పెట్టుకున్నాడు.

"రెండు చెవులున్న వాళ్ళని మెప్పించడం నా వల్ల కాదు చీఫ్."