వెనక సీట్లో భోజనం

ఆ కళ్ళజోడు ఒకే రోజు రెండుసార్లు మెట్లెక్కి రెండుసార్లు దిగింది.

కళ్ళు పరీక్ష చేసే గది పై అంతస్తులో ఉంది. కింద, షాపు వెనకాల, అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగించే గది. ఆరేళ్ళుగా ఆ కింది గదికి అతనే రాజు. అతని పనికి వంక పెట్టినవాళ్ళు లేరు. పై గదిలోకి ఆ సోమవారమే ఒక కొత్తమ్మాయి చేరింది. చేరిన గంటకే అతను బిగించిన కళ్ళజోడు వెనక్కి వచ్చింది, దాంతో పాటు ఒక చీటీ. "ఎడమ అద్దం రెండు డిగ్రీలు పక్కకి తిరిగింది."

అతను మెషిన్లో పెట్టి చూశాడు. అంతా సరిగ్గానే ఉంది. అదే చీటీ వెనక "తిరగలేదు" అని రాసి పైకి పంపాడు. మధ్యాహ్నం ఆ అమ్మాయే కళ్ళజోడు పట్టుకుని దిగివచ్చింది. తన బ్యాగులోంచి కొలత పరికరం తీసి బల్ల మీద పెట్టింది. ఇద్దరూ తలలు వంచి చూశారు. అతని మెషిన్లోనే ఒక పిన్ను వదులైపోయి ఉంది.

"రెండు కాదు, ఒకటిన్నర," అన్నాడు అతను.

"అంటే ఒప్పుకున్నట్టే కదా," అందామె, నవ్వు దాచుకుంటూ.

ఒప్పుకున్నట్టే. అయితే ఆ రోజు సాయంత్రానికల్లా, అక్షరాల చార్టు చదివించే ఆమె పేరు షాపులో అందరికీ "చార్టు మేడమ్" అయిపోయింది. ఆ పేరు పెట్టింది ఎవరో చెప్పనక్కర్లేదు.

కోపం నిలబడే వీలు లేకపోయింది. షాపు యజమాని పెద్దాయనకి మధ్యాహ్నం భోజనం కాగానే కునుకు తీసే అలవాటు. పై అంతస్తు చీకటి గదిలో, కళ్ళు పరీక్ష చేసే కుర్చీలోనే వెనక్కి వాలి అరగంట నిద్రపోతాడు. ఆయన గురకల మధ్య తినలేక చార్టు మేడమ్ తన డబ్బా పట్టుకుని కిందికి వచ్చేది. అతను బల్ల మీద అద్దాల పొడి తుడిచి సగం జాగా ఇచ్చాడు.

ఆమె డబ్బాలో రెండు రొట్టె ముక్కలు. మధ్యలో ఏమీ లేదు. తనకి వంట రాదని, నేర్పేవాళ్ళు లేరని ఆమే చెప్పుకుంది. అమ్మకీ నాన్నకీ బదిలీల ఉద్యోగాలు. ఏడో ఏట నుంచి హాస్టలు. గంట కొడితే ప్లేటు పట్టుకోవడం, గంట కొడితే కడుక్కోవడం. ఇంట్లోవాళ్ళంతా ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటూ తినడం తను సెలవుల్లో తప్ప ఎరగదు. ఆ సెలవుల్లో కూడా ఎవరో ఒకరు ఆఫీసులో ఉండిపోయేవారు.

"మీ ఇంట్లో అందరూ కలిసే తినేవాళ్ళా?" అని అడిగింది, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని.

ఆమె చూపే అంత. ముందు ఎదుటివాళ్ళ కుడి కంట్లోకి, తర్వాత ఎడమ కంట్లోకి చూస్తుంది. పని అలవాటు. అలా చూస్తూ ఉంటే అతనికి నిజం నోట్లోనే ఆగిపోయింది.

"ఏడింటికల్లా అమ్మ టేబుల్ మీద తెల్ల గుడ్డ పరిచేది," అన్నాడు.

అతని ఇంట్లో ఏనాడూ టేబుల్ లేదు. గుడ్డ సంగతి సరేసరి.

కోతలు కోయడం మొదలుపెట్టడమే కష్టం, తర్వాత అవే వస్తాయని అతనికి ఆ వారంలోనే తెలిసింది. మంగళవారం వెన్నలో ఎర్రగా వేగిన బంగాళాదుంపలు. బుధవారం అమ్మ రెండు రోజుల పాటు సన్న సెగ మీద మరిగించే పుట్టగొడుగుల సూప్. శుక్రవారం ఆపిల్ కేకు, దాని వాసనకి వీధి చివర కుక్క కూడా వచ్చి గుమ్మంలో కూర్చునేది. ఆ కుక్కకి అతను అప్పటికప్పుడు కుంటికాలు కూడా పెట్టాడు.

ఒకరోజు వర్షం పట్టుకుంది. వీధిలో నీళ్ళు నిలిచి గిరాకీ రాలేదు. షట్టరు సగం దించుకుని ఇద్దరూ బల్ల దగ్గరే కూర్చున్నారు. చినుకులు రేకు మీద టపటపమంటుంటే ఆమె రొట్టె తుంచి అతని డబ్బాలోని కూరలో ముంచుకుంది, అడక్కుండానే. అది అతను వీధి చివర హోటల్లో కొన్న కూర. "మీ అమ్మగారి చేతి వంట ఒక్కసారి తినాలని ఉందండీ," అంది.

అతని గుండె ఝల్లుమంది. ఆమె తన డబ్బాలో చెయ్యి పెట్టినందుకా, ఆ మాటకా అన్నది అతనికే తెలియలేదు. అమ్మ మణికట్టు విరిగిందని, కట్టు విప్పడానికి రెండు నెలలు పడుతుందని చెప్పాడు. చార్టు మేడమ్ నిజంగా బాధపడింది. ఆ బాధ చూసి అతనికి రొట్టె మింగుడు పడలేదు.

పై గురువారం అతను కొత్త ఫ్రేములు తేవడానికి బజారుకి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి ఆమె మెట్ల మీద నిలబడి ఉంది.

"మీ అమ్మగారు వచ్చి వెళ్ళారు," అంది. "డ్యూటీకి చూపు సర్టిఫికెట్ కావాలట. చూపు చక్కగా ఉంది. ఆదివారం భోజనానికి రమ్మన్నారు."

"మరి చెయ్యి..."

"చెయ్యి కూడా చక్కగానే ఉంది. రోజూ బస్సు స్టీరింగ్ తిప్పే చెయ్యి కదా." అంతే, వెనక్కి తిరిగి పైకి వెళ్ళిపోయింది. ఆ రోజు డబ్బా గురక గదిలోనే తెరిచింది.

అతని తల్లి ఇరవై రెండేళ్ళుగా సిటీ బస్సు నడుపుతోంది. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ స్టీరింగ్ మీదే పెంచింది. ఆవిడకి రాని విద్య ఒక్క వంటే. అన్నం వండితే అడుగంటాలి, లేదంటే పలుకుండాలి. ఉప్పయితే ఒకరోజు రెండుసార్లు పడేది, ఒకరోజు అసలు పడేది కాదు.

అతను ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ బూట్లు విప్పుకుంటోంది. తిట్టలేదు.

"పుట్టగొడుగుల సూప్ ఎలా చేస్తారురా?" అని అడిగింది. "ఆ పిల్ల అడిగింది, రెండు రోజులు మరిగిస్తారట కదా అని. అవునన్నాను."

అతను నవ్వేసి మాట తప్పించబోయాడు. ఆవిడ నవ్వలేదు. "సరదాకి అని ఉంటావు, నాకు తెలుసు. కానీ ఆ మెట్లు దిగుతుంటే మాత్రం, నా కొడుకు ఎక్కడో ఇంకో అమ్మని పెట్టుకున్నాడనిపించింది," అంది. తర్వాత బూట్లు తలుపు వెనక పెట్టి, మొహం కడుక్కోవడానికి వెళ్ళింది.

శనివారం అతను వేరే ఊళ్ళో ఉన్న అక్కకి ఫోన్ చేశాడు. అక్క చాలాసేపు నవ్వింది. నవ్వడం అయ్యాక, హోటల్ నుంచి సూప్ తెప్పించి ఇంటి గిన్నెలో పొయ్యమని సలహా చెప్పింది. బుద్ధి గడ్డి తిని అతను ఆ పనికే దిగాడు. ఆదివారం మధ్యాహ్నం చార్టు మేడమ్ బస్సు దిగేసరికి, స్టాపులో అతను హోటల్లో అప్పుడే పోయించుకున్న వేడి సూప్ టిన్నుతో నిలబడి ఉన్నాడు.

ఆమె టిన్ను వైపు చూసింది. తర్వాత అతని కుడి కన్ను, ఎడమ కన్ను.

అతను పక్కనున్న బెంచీ మీద కూలబడ్డాడు. టేబుల్ లేదని, గుడ్డ లేదని, కేకు లేదని, కుంటి కుక్క కూడా లేదని వరసగా ఒప్పేసుకున్నాడు. ఆమె పక్కన కూర్చుని అంతా వింది.

"మీరు అబద్ధం చెప్పినందుకు నాకు కోపం రాలేదు," అంది చివరికి. "మీ అమ్మగారు ఆ పరీక్ష కుర్చీలో కూర్చుని, మీ మాట నిలబెట్టడానికి నేనడిగిన ప్రతిదానికీ అవునంటున్నారు చూడండి, అప్పుడు వచ్చింది. ఇంతకీ నిజంగా ఏం తినేవాళ్ళు మీరు?"

ఆ సంగతి అతను అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. అమ్మకి సాయంత్రం డ్యూటీ. చివరి స్టాపులో బస్సు ఇరవై రెండు నిమిషాలు ఆగేది. స్కూలు కాగానే అక్కా తనూ ఇంటికి వెళ్ళి, అమ్మ పొద్దున వండి మూతపెట్టిన డబ్బాలు పట్టుకుని అక్కడికి చేరేవాళ్ళు. ఖాళీ బస్సులో, వెనక పొడుగు సీటు మీద అక్క పాత టైమ్ టేబుల్ కాగితం పరిచేది. చల్లారిన అన్నం, గట్టిగా ఉడికిన గుడ్లు, పచ్చి వాసన పోని క్యారెట్లు. అమ్మ మధ్యలో కూర్చుని, ఆ రోజు ఎక్కినవాళ్ళందరినీ అభినయించి చూపించేది. స్టాపు దాటిపోయేదాకా నిద్రపోయి డ్రైవరు మీద అరిచినాయన, బస్సు ఆగాక చెప్పుల కోసం వెతుక్కున్నావిడ. నవ్వు ఆపుకోలేక అక్కకి పొలమారేది. కిటికీ పక్క చోటు కోసం తను రోజూ ఏడ్చేవాడు. వెనక ఆగిన బస్సు డ్రైవరు టైమైందని బయటినుంచి అద్దం మీద రెండుసార్లు తడితే డబ్బాలు మూసేసేవాళ్ళు. ఒకసారి క్లాసులో ఎవడో "వీళ్ళ వంటింటికి చక్రాలుంటాయి" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఊహలో తన ఇంట్లో తెల్ల గుడ్డ పరిచిన టేబుల్ వెలిసింది.

చార్టు మేడమ్ బెంచీ మీద అతని వైపు తిరిగింది. "మీ కేకు కథలో ఎవరూ నవ్వలేదు," అంది మెల్లగా. "ఏడవలేదు, పొలమారలేదు. ఇదే బాగుంది."

"ఇంకొక్క నిజం ఉంది," అన్నాడు అతను. "మీరంటే నాకు ఇష్టం. కళ్ళజోడు వెనక్కి పంపిన రోజు నుంచీ."

"పోనీలెండి, ఆ ఇష్టాన్ని నా పేరు మార్చి మరీ చూపించారు." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. టిన్ను అతని చేతిలోంచి తీసుకుని మూత విప్పింది. "ముందు ఇది ఖాళీ చేద్దాం. దీన్ని ఇంట్లోకి తీసుకెళితే మీ అమ్మగారు మళ్ళీ బాధపడతారు."

స్టాపులో కూర్చుని, ఒకే మూతతో ఇద్దరూ ఆ సూప్ అంతా తాగేశారు. నాలుకలు కాలాయి. తన వంతు వచ్చిన ప్రతిసారీ ఆమె మూతని అతని పెదవులు తగిలిన వైపే తిప్పుకుంది. అతను అది చూశాడు. అతను చూడటం ఆమె కూడా చూసింది.

ఇంట్లోకి అడుగు పెట్టగానే అతని కాళ్ళు ఆగిపోయాయి. పక్కింటి నుంచి అడిగి తెచ్చిన టేబుల్, దాని మీద ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటి. మధ్యలో ఒక గిన్నెలో బూడిద రంగు సూప్. తల్లి మంచి గౌను వేసుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడి ఉంది.

"అమ్మా," అన్నాడు. "ఈవిడకి అంతా చెప్పేశాను."

"అంతా అంటే?"

"బస్సు, వెనక సీటు, అన్నీ. నిన్నటిదాకా సిగ్గుపడ్డాను. ఇవాళ చెబుతుంటే అంత బాగున్నదాన్ని ఎందుకు దాచానా అనిపించింది. తప్పు నాదేనమ్మా."

తల్లి కుర్చీ లాక్కుని కూర్చుంది. చేత్తో దుప్పటి అంచు కాసేపు సర్దింది. కళ్ళు తుడుచుకోవడం కనపడకుండా గిన్నె వైపు తిరిగింది. "అయితే ఎవరూ ఈ సూప్ తాగక్కర్లేదు. నేను రుచి చూశాను," అంది.

ముందు చార్టు మేడమ్ నవ్వింది. తర్వాత ముగ్గురూ.

అన్నం, గుడ్లు, బంగాళాదుంపలు వడ్డించింది తల్లి. అప్పటికే కడుపు నిండి ఉన్న ఇద్దరూ కిమ్మనకుండా తినసాగారు. రెండో ముద్దకి ఎలా ఉందని తల్లి అడిగింది. అతను ఎప్పటిలాగే బాగుందన్నాడు.

"ఉప్పు ఎక్కువైందండీ," అంది చార్టు మేడమ్. "దుంపల్లో మాత్రమే. గుడ్లలో అసలు లేదు. కలిపి తింటే సరిపోతోంది."

తల్లి చేతిలో గరిటె ఆగిపోయింది. కొడుకు వైపు తిరిగి, ఇన్నేళ్ళలో ఒక్కసారయినా నోరు విప్పి చెప్పలేదేమని నిలదీసింది. చెబితే మర్నాడు ఉప్పు అసలు వేయవని భయమని అతను గొణిగాడు. ఆవిడకి కోపం రాలేదు సరికదా, ఆ అమ్మాయి పళ్ళెంలో ఇంకో గుడ్డు వేసింది.

తర్వాత, నీళ్ళ గ్లాసు అందిస్తూ, మామూలుగా అడిగినట్టే అడిగింది. "నీకు వంట వచ్చా అమ్మాయ్?"

"రాదండీ. నీళ్ళు కూడా మాడతాయి."

"వీడికీ రాదు." తల్లి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మరి మీ ఇంట్లో వండేదెవరు?"

మీ ఇంట్లో. అంటే వాళ్ళిద్దరి ఇంట్లో. అతను చార్టు మేడమ్ వైపు చూసే ధైర్యం లేక దుంపల వైపు చూశాడు. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"ఆయన నేర్చుకుంటారండీ," అంది.